ఒకే నంబరు మీద పందొమ్మిది వాచీలు

2023లో నేనూ నా స్నేహితురాలు రమ్యా నాంపల్లి స్టేషన్ దగ్గర చిన్న గది అద్దెకు తీసుకుని, రిపేరు షాపుల కోసం ఒక యాప్ తయారుచేశాం. ఎవరి వస్తువు వచ్చిందో షాపాయన అందులో రాసుకుంటే, పని పూర్తవగానే ఆ కస్టమర్‌కు 'మీ వస్తువు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి' అని మెసేజ్ వెళ్తుంది. అంతే. వాడేవాళ్లు ఒక్కరూ రాకముందే లోగో రంగు కోసం వారం రోజులు పోట్లాడుకున్నాం. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

మొదటి యూజర్లను వెతికే పని నాది. నేను చేసేదాన్ని మా వృత్తిలో కోల్డ్ మెసేజ్ అంటారు. ముఖపరిచయం లేని మనిషికి మనంతట మనమే రాయడం. ఆన్‌లైన్‌లో షాపుల నంబర్లు ఏరుకుని రోజంతా వాట్సాప్‌లో రాసేదాన్ని. నీలం టిక్కులు పడేవి, జవాబు వచ్చేది కాదు. మనుషులతో మాట్లాడే పనే గానీ, సాయంత్రం దాకా నోరు విప్పే అవసరమే ఉండేది కాదు. రమ్య గడువు పెట్టేసింది.

"నెలాఖరుకి ఒక్క షాపైనా నిజంగా వాడాలి. లేకపోతే నేను ఉద్యోగంలో చేరిపోతానే."

అప్పుడు ఆబిడ్స్‌లో వాచీలు బాగుచేసే సామ్యూల్ గారు జవాబిచ్చారు. "వందనాలు అమ్మా. నేర్పిస్తే వాడుత."

ఫోన్‌లోనే నేర్పాను. రోజూ పొద్దున్నే "యాప్ బాగుందాండీ?" అని రాసేదాన్ని. "మంచిగున్నది బిడ్డా" అనేవారు. రోజుకు ఒకటి చొప్పున ఎంట్రీలు పడుతున్నాయి. గుడ్డిలో మెల్ల అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ రోజుల్లో నన్ను పలకరిస్తూ వచ్చే మెసేజ్ అదొక్కటే.

నెలాఖరున రమ్యకు చూపిద్దామని లిస్టు తెరిచాను. పందొమ్మిది వాచీలు, పందొమ్మిది పేర్లు. అందరికీ ఒకటే నంబరు, సామ్యూల్ గారిది. యాప్‌లోనే ఏదో తప్పుందనుకుని మొదటిసారి ఆయన షాపుకు నడిచి వెళ్లాను. ఇరవై నిమిషాలైనా పట్టలేదు.

మెట్ల కింద ఒక అద్దాల పెట్టె, ఒక స్టూలు. బాగుచేయడానికి వచ్చిన వాచీ ఒక్కటీ కనిపించలేదు.

"ఈ పేర్లన్నీ ఎవరివండీ?" అన్నాను.

ఆయన కంటికున్న భూతద్దం తీసి తలవంచుకున్నారు. "పాత గిరాకీల పేర్లు. ఇప్పుడెవరొస్తున్నరు బిడ్డా? నువ్వేమో రోజు అడుగుతవు. ఏం లేదంటే నీ మనసు నొస్తదని రాసిన."

"మరి మెసేజ్‌లన్నీ మీకే వస్తాయి కదా?"

"ఔ. వస్తే జర మంచిగనిపిస్తది. ఎవరో రమ్మని పిలిచినట్టు."

కోపం రావాల్సింది, ఏడుపొచ్చింది. నా చేతికి ఎప్పుడో ఆగిపోయిన వాచీ ఉంది. విప్పి ఆయన ముందు పెట్టి, నా నంబరు చెప్పాను.

ఆ లిస్టు అలాగే చూపిస్తే రమ్య ఇంకొన్నాళ్లు ఉండేది. ఉన్నదున్నట్టు చెప్పేశాను. సోమవారం ఉద్యోగంలో చేరిపోయింది.

ఈ పనిలో 'బాగుందా' అని అడగకూడదని నాకు తెలిసింది అప్పుడే. మనసున్నవాళ్లు బాగుందనే అంటారు. ఇప్పుడు ముందు షాపుకు వెళ్లి కాసేపు కూర్చుంటాను, మెసేజ్ తర్వాత.

ఆ వారంలోనే నా ఫోన్ మోగింది. 'మీ వస్తువు సిద్ధంగా ఉంది, వచ్చి తీసుకెళ్లండి.' మా యాప్ నిజమైన కస్టమర్‌కు పంపిన మొదటి మెసేజ్ అది. చూపిద్దామంటే గదిలో రమ్య లేదు. తాళం వేసి ఆబిడ్స్ వైపు నడిచాను.