థర్మాకోల్ బోర్డుల మీద మా నాయనమ్మ

నీటికి హద్దు గీసి, నేలని ఆరబెట్టి, దాని మీద మనల్ని నిలబెట్టిన దేవునికి ముందుగా స్తోత్రం. నేను రాయబోయేది నవ్వొచ్చే సంగతో ఏడుపొచ్చే సంగతో ఇన్నేళ్ళయినా నాకే సరిగ్గా తెలియదు. రెండింటికీ ఆయనకే వందనాలు చెప్పి మొదలుపెడతాను.

ఆ రోజుల్లో దివిసీమలో, మా ఊళ్ళో, పిల్లలకి నీళ్ళంటే భయముండేది కాదు. పెద్దవాళ్ళకి ఉండేది. ఉప్పెన చూసినవాళ్ళకీ, దాని గురించి కథలు విన్నవాళ్ళకీ ఉన్న తేడా అది. మా నాయనమ్మ చూసింది. తాతయ్యనీ, మా నాన్న తర్వాత పుట్టిన ఆడపిల్లనీ ఒకే రాత్రి నీళ్ళు తీసుకుపోయాయి. ఇద్దరూ దొరకలేదు. సమాధుల పండుగ నాడు అందరూ తమ తమ వాళ్ళ సమాధులకి సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించుకుంటుంటే, నాయనమ్మ రెండు కొవ్వొత్తులు చేత్తో పట్టుకుని శ్మశానమంతా తిరిగి, ఎక్కడ పెట్టాలో తెలియక, చివరికి ఓ తుమ్మచెట్టు మొదట్లో గుచ్చి వచ్చేది. వచ్చాక మా నాన్నతో ప్రతి ఏడూ ఒకే మాట అనేది. "ఒరేయ్ అబ్బాయ్, నన్ను మాత్రం నీళ్ళకియ్యకండిరా. మట్టిలో పెట్టండి. నువ్వు కొవ్వొత్తి పెట్టుకోడానికి నీకో చోటుండాలి." నాన్న "సర్లేవే అమ్మా, ఇప్పుడెందుకా మాటలు" అని అన్నం పెట్టించుకునేవాడు.

నేనప్పుడు బందరులో ఇంటర్ మొదటి సంవత్సరం. దసరా సెలవులకి గుడివాడలో మావయ్య వాళ్ళింటికి వెళ్తే, బావ నన్ను నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళి ఒక ఫొటో చూపించాడు. ఏదో దేశంలో, సముద్రం మీద, మనుషులు పొడుగాటి బల్లలెక్కి నిటారుగా నిలబడి తెడ్లు వేస్తున్నారు. కూర్చోలేదు, పడుకోలేదు, నిలబడ్డారు! బావకది తమాషా. నాకు దర్శనం. (ఆ వయసులో నాకు దర్శనాలు కాస్త ఎక్కువగానే వచ్చేవి. అంతకు ముందు వచ్చిన దాని ప్రకారం నేను ఆఫ్రికాకి మిషనరీగా బయలుదేరి ఉండాల్సింది.) "మన సంఘం యూత్‌తో ఒక టీమ్ పెడదాం బావా. ప్రభువు నీళ్ళ మీద నడిచాడు, మనం కనీసం నిలబడదాం" అన్నాను. "క్లాసులో బెంచీ ఎక్కిస్తేనే ఏడ్చినదానివి, నువ్వు సముద్రం మీద నిలబడతావా?" అన్నాడు బావ. అన్నాడే గానీ, మర్నాడు నాతోపాటు బస్సెక్కి మా ఊరొచ్చేశాడు.

టీమ్‌లో మేం నలుగురం. నేనూ, బావా, పాస్టరు గారి అబ్బాయిలు ఇద్దరూ. ప్రార్థన చేసుకుని 'నిలకడ యూత్ టీమ్' అని పేరు పెట్టుకున్నాం. బోర్డులు కొనే చోటూ తెలియదు, కొనే తాహతూ లేదు. రొయ్యల చెరువుల గట్ల మీద, ఐసు వేసి రొయ్యలు పంపించే థర్మాకోల్ పెట్టెలు పగిలినవి గుట్టలుగా పడి ఉండేవి. వాటి మూతలన్నీ మోసుకొచ్చాం. సైకిల్ పంక్చర్లకి వాడే రబ్బరు సొల్యూషన్ పట్టుకొచ్చి, అతికించడానికి బావ ధారాళంగా రాశాడు. అతుక్కోవడం సంగతి దేవుడెరుగు, థర్మాకోల్ ఎండలో పెట్టిన ఐస్‌క్రీమ్‌లా బుసబుసా కరిగిపోయి, మా మొదటి బోర్డు నీళ్ళు చూడకుండానే పరలోకం చేరింది. ఆ తర్వాత బుద్ధొచ్చి, మూతలని వెదురు బద్దల మధ్య పేర్చి, వల తాడుతో బిగించి, పైన యూరియా సంచులు కుట్టాం. చర్చిలో విరిగిపోయిన ప్లాస్టిక్ కుర్చీల వీపులు కోసి వెదురు కర్రలకి కడితే తెడ్లయ్యాయి. బోర్డులు తేలాయి. ఎన్నిసార్లు కడిగినా రొయ్యల కంపు మాత్రం పోలేదు, ఊళ్ళో పిల్లులన్నీ మా వెనకే తిరిగేవి.

ప్రాక్టీసు మా ఊరి పక్కన మురుగు కాలవలో. దాన్నందరూ డ్రెయిను అంటారు గానీ, వెడల్పు చూస్తే చిన్న ఏరే. టీమ్‌కి ఒకటే రూలు పెట్టాను. బోర్డు మీద మోకాలు ఆనించిన వాళ్ళు ఆ పూటకి అవుట్. (మోకరించడం దేవుని ముందే గాని నీళ్ళ ముందు కాదని నేను చేసిన ప్రసంగం ఇప్పుడు తలుచుకుంటే చెవులు కాలతాయి.) రేవులో బట్టలుతుకుతున్న ఆడవాళ్ళు "ఏమ్మా, రొయ్యల పెట్టెలెక్కి సింగపూర్ ప్రయాణమా?" అని అడిగేవాళ్ళు. మా సంఘ పెద్ద ఒకాయన ఉండేవాడు. ఏ మాటైనా ఆమేన్‌తోనే ముగిస్తాడని అందరం ఆమేన్ తాతయ్య అనేవాళ్ళం. ఆయన గట్టు మీద గొడుగేసుకుని నిలబడి, "ప్రభువుని చూసి తనూ నీళ్ళ మీద నడిచిన శిష్యుడు మునిగాడు కూడా అమ్మాయ్! ఆ ముక్క చదవకుండా పేజీ తిప్పేశావా? అయినా ఆడపిల్లకి ఈ వేషాలేమిటి? ఆమేన్" అనేవాడు. ఆ మాటకి నాయనమ్మకి ఒళ్ళు మండేది. తను నీళ్ళకి దూరంగా, గట్టు దిగువన గడ్డిలో కూర్చునేది, ఒక్కరోజూ దగ్గరికి వచ్చింది లేదు. అక్కడి నుంచే "మునిగితే మునుగుద్ది, మళ్ళీ లేస్తది! లేవలేనోళ్ళని చూసినదాన్ని, నాకు తెలీదా?" అని ఆయన మీద అరిచి, అదే గొంతుతో నా మీద అరిచేది. "నోరు మూసుకుని పడవే! నీళ్ళు తాగమాక!"

నవంబరులో వాయుగుండం పట్టి కాలేజీలకి సెలవులిచ్చారు, బావా నేనూ మా ఊళ్ళోనే ఉన్నాం. ముసురు విడవకుండా కురుస్తుండగా నాయనమ్మకి దగ్గు ఎక్కువై, ఒక తెల్లవారుజామున, మా అమ్మ కాఫీ పట్టుకెళ్ళి లేపేసరికి లేదు. ఏడవడానికి కూడా మాకు తీరిక దొరకలేదు. మా సంఘం శ్మశానం డ్రెయిను అవతల గట్టున ఉంది. ఎప్పుడూ శవపెట్టెని నావలో దాటించేవాళ్ళు. ఆ నావ ముందు రోజు గాలికి తాడు తెంపుకుని ఎటో పోయింది. లాకుల వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్దామంటే, దారిలో గండి పడింది. మగవాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఎలాగో దాటగలరు, పెట్టె మోసుకుని దాటలేరు. మర్నాడు నాన్నా, పాస్టరు గారూ, నలుగురైదుగురు మగవాళ్ళూ అలాగే వెళ్ళి అవతల గొయ్యి తవ్వడం మొదలుపెట్టారు. ఇవతల పెట్టె, ఆడవాళ్ళు, ఆమేన్ తాతయ్య, మేం నలుగురం. వాన తగ్గే సూచనల్లేవు. ఇంకొక రోజు ఆపడానికి వీల్లేదని అందరికీ తెలుసు. ఆమేన్ తాతయ్య నా వైపు తిరిగి, జీవితంలో మొదటిసారి ఆమేన్ అనకుండా అడిగాడు. "అమ్మాయ్, ఆ బోర్డులు బరువు మోస్తాయా?"

రెండు బోర్డులు జంటగా కట్టి పెట్టెని వాటి మీద బిగించాం. పాస్టరు గారి అబ్బాయిలు దానికి అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ముందు బోర్డు మీద, పెట్టెకి కట్టిన తాడు నడుముకి చుట్టుకుని నేను, వెనక బోర్డు మీద ఇంకో తాడు పట్టుకుని బావ. చున్నీ బిగించి కట్టుకుని, నాయనమ్మ ఇన్నాళ్ళూ దగ్గరికి రానన్న నీళ్ళలోకి నాయనమ్మని నేనే దించాను. సగం దాకా బాగానే వెళ్ళాం. నిజం చెప్పాలంటే, అంత బాగా ఎప్పుడూ వెయ్యలేదు.

మా సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. పెట్టె డ్రెయిను మధ్యకి రాగానే నావ ఆపి ప్రార్థన చేస్తారు, ఈ గట్టు నుంచి ఆ గట్టుకి అప్పగింత అన్నమాట. సరిగ్గా మధ్యకి వచ్చేసరికి వెనక గట్టు మీంచి ఆమేన్ తాతయ్య గొంతు ఖంగుమంది. "ప్రార్థన చేసుకుందాం!" పుట్టినప్పటి నుంచి సండే స్కూల్లో పెరిగిన పిల్లలం. ఆ మాట వినపడితే మా కళ్ళు మూసుకుంటాయి, చేతులు జోడించుకుంటాయి. మమ్మల్ని అడగవు. నలుగురం కళ్ళు మూసుకున్నాం, నలుగురం చేతులు జోడించాం. తెడ్లు ఏమయ్యాయో, తాడు ఏమైందో ఒక్కరికీ తట్టలేదు. (ఎప్పుడూ నావ నడిపే ఆయన మా సంఘం వాడు కాదు. ఇన్నేళ్ళూ మేమందరం కళ్ళు మూసుకున్నప్పుడు తెరుచుకుని కూర్చున్నది ఆయనొక్కడేనని మాకు అంతవరకు అర్థం కాలేదు.) ఆమేన్ తాతయ్య ప్రార్థన ఎప్పుడూ పొడుగే. ఆయన ఆదాము దగ్గర మొదలుపెట్టి ఇంకా ముందుకొస్తుండగా, అవతల గట్టు నుంచి నాన్న కేక వినపడింది. "అమ్మా! అమ్మా!"

కళ్ళు తెరిచి చూద్దును కదా, గట్లు రెండూ పరిగెడుతున్నాయి. వరద మమ్మల్ని సముద్రం వైపు లాక్కుపోతోంది. పెట్టె బోర్డులు అడ్డం తిరిగాయి. వెనక బోర్డు మీద బావ లేడు, బోర్డు మాత్రం ఉంది. నాన్న గట్టు వెంబడి బురదలో పడుతూ లేస్తూ పరిగెత్తుతున్నాడు. నన్ను కాదు ఆయన పిలుస్తున్నది. పెట్టెలో ఉన్నావిడని పిలుస్తున్నాడు. నీళ్ళకియ్యొద్దన్న ఒక్క మాట. అదే జరుగుతోంది, నా బోర్డుల మీదే, నా కళ్ళ ముందే. నా రూలు, నా ప్రసంగం అన్నీ వదిలేసి మోకాళ్ళ మీద పడి, చేతులతో నీళ్ళు తోశాను. ఇంతలో బావ తల పెట్టె పక్కన తేలింది. తాడు పళ్ళతో కరిచిపట్టుకుని ఈదుతున్నాడు. "లాగవే! చూస్తావేం, లాగు!" అన్నాడు, అదీ పళ్ళ మధ్యనుంచే. దేవుని కృప, ఆ మలుపులో నీళ్ళ మీద గుర్రపుడెక్క కలుపు చాపలా పేరుకుని ఉంది. అదే మమ్మల్ని పట్టుకుంది. నాన్న మెడలోతు నీళ్ళలోకి దిగి పెట్టె మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి గట్టెక్కేదాకా తియ్యలేదు.

అక్కడితో అయిపోయిందనుకున్నాం. పెట్టె మోసుకుని శ్మశానానికి వెళ్తే, గొయ్యి నిండా నీళ్ళు. తోడుతుంటే ఊరుతున్నాయి. పాస్టరు గారు నాన్న మొహం చూసి, "ఇంక తప్పదయ్యా" అన్నారు. దించారు. పెట్టె దిగలేదు, తేలింది. చేతులతో నొక్కితే మునిగింది, వదిలితే లేచింది. మునిగితే మళ్ళీ లేస్తదని నాయనమ్మ అనడం గుర్తొచ్చి బావకి నవ్వొచ్చింది, వాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు, ఆ భుజాలు ఊగుతుంటే అందరూ ఏడుస్తున్నాడనుకున్నారు. బరువు పెడదామంటే దివిసీమలో రాయన్నది ఎక్కడ దొరుకుతుంది? అంతా ఒండ్రు మట్టే. నాన్న తనే పెట్టె ఎక్కి నిలబడబోయాడు. ఒక పక్కకి ఒరిగి నీళ్ళలో పడ్డాడు. మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. మూడోసారి లేవకుండా ఆ నీళ్ళలోనే కూర్చుని, ఒళ్ళంతా బురదతో, నన్ను చూశాడు.

"నిలబడటం మీకొచ్చుగా అమ్మా" అన్నాడు. "ఎక్కండి."

నలుగురం ఎక్కాం. నాలుగు మూలలా, మోకాళ్ళు కాస్త వంచి, పాదాలు ఎడంగా పెట్టి. కింద నాయనమ్మ. పెట్టె వణికింది, ఒక మూల లేవబోయింది, అందరం అటు వాలి నిలబెట్టాం. మెల్లగా మునిగి అడుగుకి ఆనింది. పాస్టరు గారు వాక్యం చదువుతుంటే మగవాళ్ళు మట్టి వేశారు. మా పాదాల చుట్టూ, తర్వాత మా పాదాల మీద, తర్వాత పిక్కల దాకా. చల్లటి మట్టి. ఎవరూ కళ్ళు మూసుకోలేదు.

"కదులుతోందా అమ్మా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా."

"చూడు ఇంకోసారి."

చూశాను. "కదలట్లేదు నాన్నా. ఆనింది."

అప్పుడు ఏడ్చాడు.

ఆ తర్వాత నిలకడ యూత్ టీమ్ మళ్ళీ నీళ్ళలోకి దిగలేదు. ఏ పోటీకీ వెళ్ళలేదు, ఏ కప్పూ తేలేదు. నేను ఇప్పుడు బందరులో సండే స్కూలు పిల్లలకి వాక్యం చెప్పుకుంటున్నాను. అప్పుడప్పుడూ ఆ పిల్ల కళ్ళ ముందు మెదులుతుంది. నడుముకి చున్నీ, జుట్టు నిండా బురద, వానలో నాయనమ్మ మీద నిలబడి పడిపోకుండా ఉండటమే ఈ లోకంలో పెద్ద పనన్నట్టు పెదవి కొరుక్కుంటున్న ఆ పిల్లని చూస్తే నవ్వొస్తుంది, నవ్వుతూ ఉండగానే కళ్ళు తుడుచుకుంటాను. మా నాన్న ఇప్పటికీ ప్రతి ఏడూ అవతలి గట్టుకి వెళ్ళి కొవ్వొత్తి పెట్టి వస్తాడు. ఆ గట్టుకి ఈనాటికీ సరైన దారి లేదు. చదివినవాళ్ళందరినీ వేడుకుంటున్నాను, నాతో కలిసి ఒక్క నిమిషం ప్రార్థించండి. తమవాళ్ళని పెట్టుకోడానికి జానెడు ఆరిన నేల దొరకని ప్రతి ఇంటి కోసం, నీళ్ళు తీసుకుపోయి ఇంకా తిరిగి ఇవ్వనివాళ్ళ కోసం.