కాన్పుల కారు

మాచర్ల మెకానిక్కు మౌలాలీ సిలిండరు లోపల గోటితో తడిమి అరుగుదల చెబుతాడు. నలుపు వదలని ఆ వేళ్లతోనే వెంకటప్పయ్యగారి తాతలనాటి కారు ఇంజను విప్పి, వేసవంతా పైసా కూలి తీసుకోకుండా కూర్చుని మళ్లీ కట్టాడు. పేటలో ఆడవాళ్ల కాన్పులకు కారు పంపుతానని పదిమందిలో మాటిచ్చింది ఆయనే. కారు నడిచిన నెలకే మౌలాలీ భార్య మస్తాన్‌బీకి నొప్పులొచ్చాయి. అతను కారు కోసం వెంకటప్పయ్యగారింటికి పరుగెత్తాడు.

"ఏందిరా మౌలాలీ, కొత్త సీట్లు! నెత్తురంటితే ఎవడు కడుగుతాడు?" అన్నాడు వెంకటప్పయ్య.

రిక్షాలో ఆసుపత్రికి పోతుంటే ఓట్ల మైకు కట్టుకుని ఆ కారే పక్కనుంచి దాటింది. ఇంజను నున్నగా పలుకుతోంది.

"ఏమయ్యా, అది నువ్వు బాగుచేసిన కారే గదా! ఆపమను" అంది మస్తాన్‌బీ, పళ్లు బిగపట్టి.

మౌలాలీ ఆమె తలను ఒళ్లోకి తీసుకున్నాడు. "కాదులేవే, అది వేరే కారు" అన్నాడు.