ఆపా పెంచిన చలికాలపు గోంగూర

బాణలిలో గోంగూర పడగానే వచ్చే ఆ పుల్లటి ఘాటుకు లోకంలోని తెలుగువాళ్ళందరికీ నోట్లో నీళ్ళూరతాయి. నాకు మాత్రం అరచేతుల్లో చెమట పడుతుంది. ఈ ఉదయం ఖతర్‌లో, అల్ ఖోర్‌లోని మా వంటింట్లో అదే జరిగింది. చేతిలోని గరిటె జారి కింద పడింది. "ఏమండీ, మళ్ళీ పోలీసులొచ్చారా?" అని మా ఆవిడ నవ్వుకుంటూ వెళ్ళిపోయింది. ఆమెకేం, ఆ మధ్యాహ్నం ఆమె ఇండియాలో ఉంది. అజీజియాలో, అప్పటి మా అద్దె ఇంటి పెరట్లో కుర్చీ అంచున కూర్చున్నవాళ్ళం నేనూ, గౌసియా ఆపా.

ఆపా అంటే అక్క. ఆమెది బోధన్ దగ్గర పల్లె. ఇక్కడ ఒక బడి బస్సులో ఆయాగా పనిచేసేది. ఆమె "కూసోండ్రి!" అని అరిస్తే ఆ బస్సులో పిల్లలే కాదు, పక్క బస్సులో పిల్లలూ, సిగ్నల్ దగ్గర ఆగిన లారీల డ్రైవర్లూ కూడా సర్దుకుని కూర్చునేవారని నా గట్టి నమ్మకం. మేమున్న పాత విల్లాను వాటాలు చేసి అద్దెకిచ్చారు. వెనక గదిలో ఆపా, ఆమె భర్త. ముందు గదీ, దానితోపాటు పెరడూ నావి. పెరడంటే దుప్పటి పరిచినంత ఇసుక. అందులో నేను అప్పటిదాకా పండించింది ఒక్క ప్లాస్టిక్ కుర్చీని. ఆపా ఒకరోజు నన్ను అడగకుండానే వచ్చి, కుర్చీని పక్కకు జరిపి, గోంగూర గింజలు చల్లింది. వాళ్ళింట్లో దాన్ని అంబాడా అంటారు.

మాది గుంటూరు జిల్లా కదా, గోంగూర మీద సర్వహక్కులూ మావేనన్న ధీమాతో ఏదో సలహా ఇవ్వబోయాను. "మీ గుంటూరోళ్ళకు తినుడే ఎర్క తమ్మీ. పెంచుడు నేర్పిస్తగని, గా పైపు పట్టుకో" అంది. ఆ పైపు మరి నా చేతిని వదల్లేదు.

ఖతర్‌లో చలేమిటని నవ్వకండి. డిసెంబరు దాటాక ఉత్తరపు గాలి మొదలైతే, ఎండకు అలవాటుపడ్డ మా ఎముకలు ఒకదాన్నొకటి కౌగిలించుకుంటాయి. గోంగూర అయితే అంతకుముందే చేతులెత్తేస్తుంది. పగలు కురచబడగానే తొందర తొందరగా పూసి, కాసి, ఆకు రాల్చేస్తుంది. మిగిలినదాన్ని చలి చూసుకుంటుంది. ఆపా పంతమల్లా దానితోనే. తన ఊరి ఎర్రకాడ గింజా, మా ఊరి నుంచి నేను తెప్పించిన తెల్లకాడ గింజా పక్కపక్కన పెంచేది. పొద్దున్నే విచ్చిన పువ్వులో పుప్పొడిని దూదిపుల్లతో తీసి ఇంకో పువ్వుకు అద్ది, దానికి దారం కట్టేది. ఏ ఏటికా ఏడు, అన్నిటికంటే ఆలస్యంగా పూసిన మొక్క గింజలే దాచేది. గోడవారన నల్లరంగు పూసిన నూనె డబ్బాల్లో నీళ్ళు నింపి పెట్టేది. పగటి ఎండను అవి సాయంత్రం మొక్కలకు తిరిగిచ్చేవి. ఆ పైన భర్త రగ్గు కప్పేది. ఆయన ఆ చలికాలాలన్నీ ఏం కప్పుకున్నాడో నేనెప్పుడూ అడగలేదు.

చివరికి ఒక ఏడు, జనవరి దాటినా పూత ఊసే ఎత్తని మొక్క ఒకటి నిలిచింది. గోడ దాటి ఎదిగింది. ఊదారంగు కాడ, నిండా ఆకు. ఒక్కో ఆకూ చీలి చేతివేళ్ళలా విచ్చుకుని ఉండేది. దాని మీద చెయ్యి వెయ్యనిచ్చేది కాదు ఆపా. "ఇది గింజ గట్టేదాంక ముట్టినవంటే నీ చెయ్యి నీది కాదు."

పై వాటాలోకి కొత్తగా వచ్చినాయనకు ఆ ఆకులు బాల్కనీలోంచి కనిపించాయి. ఒక శుక్రవారం మధ్యాహ్నం ఆయన కిందికి వచ్చి చాలా మర్యాదగా, "క్షమించండి, నాకు చిన్నపిల్లలున్నారు. మీరు గంజాయి పెంచుతున్నారని పోలీసులకు ఫోన్ చేశాను, వస్తున్నారు" అని చెప్పి వెళ్ళాడు. ఈ దేశంలో ఆ మాటకు జైలు, ఆ తర్వాత విమానం. పెరడు నా పేరున ఉంది, మొక్క ఆపాది. నేను పరుగున వెళ్ళి మొక్క మొదలు రెండు చేతులా పట్టుకున్నాను.

"పీకేద్దాం ఆపా! వాళ్ళొచ్చేలోపు పీకి ముక్కలు చేసేద్దాం!"

ఆపా నా మణికట్టు పట్టుకుంది. "పీకితే ఏమైతది? గుంత వడ్తది. గా గుంతేందని అడిగితే ఏం జెప్తవ్? మొక్కకైతే నా తాన జవాబుంది తమ్మీ. గుంతకు లేదు. పో, ఇంకో రెండు కుర్చీలు పట్కరా."

కాసేపటికి ఆ కుర్చీల్లో ఒక యువ అధికారీ, నెరిసిన మీసాల కానిస్టేబులూ కూర్చున్నారు. అధికారికి హిందీ వచ్చు. ఆపా, "సాబ్, హాదా అకల్. ఖానేకీ చీజ్. మాఫీ ముష్కిల్" అని, ఇది తినేదే, ఏ ఇబ్బందీ లేదని అరబ్బీ కలిపి చెబుతూ ఒక ఆకు తెంపి నమిలింది. పువ్వుంటే ఇంత గొడవ ఉండేది కాదు. మందారం చుట్టమని గుడ్డివాడికైనా తెలిసేది. కానీ పూయకపోవడమే కదా దాని గొప్పతనం! అధికారి ఆపాను నమ్మలేదు. నా వైపు వేలు చూపించి, "యల్లా, తుమ్ ఖావో" అన్నాడు.

తిన్నాను. అధికారి కుర్చీ ముందుకు జరుపుకుని నాకు మత్తెక్కుతుందేమోనని నా కళ్ళలోకి చూస్తూ కూర్చున్నాడు. ఇక్కడ నా జబ్బొకటి చెప్పాలి. భయమేస్తే నాకు నవ్వొస్తుంది. ముందు కడుపు కదిలింది, తర్వాత భుజాలు, ఆ తర్వాత ముక్కులోంచి ప్రెషర్ కుక్కర్ విజిల్ లాంటిది వెలువడింది.

"క్యోఁ హస్‌తా?" ఎందుకు నవ్వుతున్నావని అధికారి లేచి నిలబడ్డాడు.

"పైదాయిషీ ఐసాచ్ హై సాబ్, పుట్టుకే అసొంటిది" అని ఆపా అటు చెప్పి, ఇటు తిరిగి పళ్ళ మధ్య నుంచి, "నవ్వకురా! నవ్వినవంటే ఇద్దరం లోపటికి పోతం" అంది. దాంతో నవ్వు రెట్టింపయింది. కళ్ళలో నీళ్ళు కారుతుంటే తల దించుకున్నాను. అప్పుడు కనబడింది నాకు, ఒళ్ళో ముడుచుకున్న ఆపా చేతులు. ఆ చేతులు వణుకుతున్నాయి. బస్సులను కూర్చోబెట్టే ఆ మనిషి తన చేతులను ఆపుకోలేకపోతోంది.

నవ్వు తెగిపోయింది. లేచి నిలబడ్డాను. వచ్చిన హిందీలో, రాని అరబ్బీలో మొత్తం చెప్పాను: గింజలు ఎక్కడివో, దూదిపుల్ల, దారం, రగ్గు, నూనె డబ్బాలు. "నీళ్ళు పోసింది నేను. పెరడు నాది. అడగాల్సిందేదైనా ఉంటే నన్నూ అడగండి" అన్నాను. నా జీవితంలో ఒక యూనిఫాం ముందు నేను పూర్తి చేసిన మొదటి వాక్యాలవి. అంతకుముందు ట్రాఫిక్ పోలీసు టైమెంతని అడిగినా క్షమాపణ చెప్పి పారిపోయేవాణ్ణి.

కానిస్టేబుల్ మెల్లగా ఒక ఆకు తుంచి నాలుక మీద పెట్టుకున్నాడు. మొహమంతా ముడతలు పడింది. "హామిద్!" అన్నాడు, పులుపని. అధికారి మొదటిసారి కాస్త మెత్తబడ్డాడు. అయినా పరీక్షకు తీసుకెళ్ళక తప్పదన్నాడు. కానిస్టేబుల్ పెకలించబోతే ఆపా అడ్డం నిలిచి, "వేరు ఉండనీయుండ్రి సాబ్" అని బతిమాలింది. కూరగాయల కత్తి తెచ్చి, మోకాలెత్తున తనే కోసిచ్చింది.

ఫలితం వచ్చేదాకా గేటు చప్పుడైతే చాలు, ఇద్దరం చెరో గదిలోంచీ బయటికి వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఆపా మాత్రం ఆ మోడుకు రోజూ రగ్గు కప్పింది. చివరికి ఫోన్ వచ్చింది. ఏమీ లేదు, ఆకుకూరేనన్నారు. ఆ వారమే మోడు పక్క నుంచి ఎర్రటి చిగురు తొంగిచూసింది. ఆపా దాని ముందు చతికిలబడి కూర్చుని, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నేను పైపు పట్టుకుని అటు తిరిగి నిలబడ్డాను.

భర్త ఉద్యోగం ముగిశాక ఆపా ఆ మొక్క గింజలు నా చేతిలో పెట్టి బోధన్ వెళ్ళిపోయింది. ఆ వంగడం ఇప్పుడు అల్ ఖోర్‌లో మా గోడవారన పెరుగుతోంది. పక్కింట్లోకి ఎవరు కొత్తగా దిగినా, వాళ్ళు పెట్టెలు విప్పకముందే ఒక కొమ్మ పట్టుకుని తలుపు కొడతాను. ఇదేమిటో చెప్పి, వాళ్ళ ఎదుటే ఒక ఆకు తింటాను. అప్పుడూ నవ్వొస్తుంది. నవ్వుతూనే, వాళ్ళు అడిగిన ప్రతిదానికీ జవాబు చెప్పేదాకా గుమ్మం ముందే నిలబడి ఉంటాను.