కంప వేసిన దారి

మార్కాపురంలో పలకల గోదాము మీది మేడగదిలో పదకొండు కంప్యూటర్లు ఉండేవి. కిటికీ పక్కది కాశమ్మది. ఏం పని చేస్తావని ఎవరైనా అడిగితే, "గీతలు కలుపుతాను" అనేది. అడిగినవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వడానికి అందులో ఏమీ లేదు.

భూముల రీసర్వే కోసం డ్రోను పైనుంచి తీసిన ఫోటోలో పొలాల గట్లు కనిపిస్తాయి. వాటి వెంట గీతలు గీస్తారు. చెట్టు నీడ పడ్డచోటా, గట్టు ఒరిగినచోటా గీత తెగిపోతుంది. ఒకే గట్టు ఏడెనిమిది ముక్కలవుతుంది. తెగిన ప్రతి కొసనా తెర మీద ఒక ఎర్ర చుక్క వెలుగుతుంది. ముక్కలన్నీ కలిసి చేను చుట్టూ ఒక్క గీత అయితే తప్ప ఆ చేనుకు నంబరు రాదు. రెండు కొసల మధ్య ఎడం రెండు మీటర్ల లోపు ఉంటే కలిపేయమని చెప్పి ఒక్కసారి నొక్కితే చాలు, ఊరంతటి గీతలూ కలిసిపోతాయి. ఆ తర్వాత కలిసిన ప్రతిచోటికీ వెళ్ళి కంటితో చూడాలని గోడకు కాగితం అంటించారు. రోజుకు ఎన్ని ఊళ్ళు పూర్తి కావాలో దాని కిందనే ఇంకో కాగితం అంటించారు. రెండింటినీ ఒకేరోజు పాటించడం మనిషివల్ల కాదని సూపర్‌వైజరు మల్లికార్జునరావుకు బాగా తెలుసు. అందుకే ఆయన రెండో కాగితమే చదివేవాడు.

జిల్లాను కోసి కొత్త ప్రకాశం చేసిన మరుసటి ఏడాది అది. పెద్దవాళ్ళు పెద్ద గీతలు మార్చుకున్నారు. పడమటి పల్లెల్లో బోర్లు ఎండినవి ఎండినట్టే ఉన్నాయి.

కాశమ్మది తర్లుపాడు దాటాక కొండవార ఊరు. తండ్రి మస్తానయ్యకు అర ఎకరం చేను, డెబ్బై గొర్రెలు. వానాకాలం గుంటల్లో నీళ్ళుంటాయి. ఎండాకాలం మాత్రం వాగులో తీసిన చెలమే గొర్రెలకు దిక్కు. అక్కడికి పోవడానికి రెండు చేల మధ్య నాలుగు మీటర్ల సందు ఉండేది. పైరు ఉన్నన్నాళ్ళు ఆ సందు మొగదల మస్తానయ్యే ముళ్ళకంప వేసేవాడు. పరాయి చేలో తన గొర్రె నోరు పెట్టకూడదని. కోత కాగానే పంగలకర్రతో తనే కంప లాగేసేవాడు. వేయమని గాని, తీయమని గాని అతనికి ఎవరూ చెప్పలేదు. అతని తండ్రి చేశాడు, అతనూ చేశాడు. చిన్నప్పుడు కంప కొస పట్టుకున్నందుకు కాశమ్మ కుడి అరచేతిలో ఇప్పటికీ ఒక ముల్లు గాటు ఉంది.

ఒకరోజు ఆమె ఊరే ఆమె కంప్యూటరులోకి వచ్చింది. పట్టలేక ఫోను చేసింది.

"నాయనా, మన ఊరు నా దగ్గరికొచ్చింది."

"ఊరే నడిచొస్తే ఈ గొర్రెల్ని తోలుకొని నేను యాడికి పోవాలమ్మే?"

"ఫోటోలో నాయనా! మన ఇల్లు కనపడతాంది. రేకుల మీద నువ్వు ఆరేసిన పంచె గూడా కనపడతాంది."

"అయ్యో, పైనించి చూస్తారని ముందే చెప్పుంటే కొత్తది ఆరేసేవాణ్ణి గదా."

ఆ పంచె వైపు చూస్తూ ఆమె చాలాసేపు కూర్చుంది. మల్లికార్జునరావు వెనక నిలబడ్డాడు.

"ఏం కాశమ్మా, పుట్టింటికి పోయినావా? సాయంత్రానికి ఊరు పంపాల."

కాశమ్మ నొక్కింది. ఎర్ర చుక్కలన్నీ ఒక్కసారి ఆరిపోయాయి. కలిసిన చోట్లను ఒక్కొక్కటే చూడలేదు. సొంత ఊరు గదా, తెలియందేముంది అనుకుంది.

పటాన్ని ఊరి సచివాలయం గోడకు తగిలించారు. అభ్యంతరాలుంటే చెప్పమన్నారు. మస్తానయ్య తెల్లపంచె కట్టుకొని వెళ్ళాడు. పటం చూడకుండానే అభ్యంతరం లేదని వేలిముద్ర వేశాడు. "మా కాశమ్మ గీసింది. దాంట్లో తప్పేముంటాది?" అని పక్కవాళ్ళకూ ధైర్యం చెప్పాడు.

కోతలయ్యాక పంగలకర్ర భుజాన వేసుకొని సందు దగ్గరికి పోతే కంపకు ముందు ఇనుప తీగె కనిపించింది. ఆ రెండు చేలూ కొనుక్కున్న మార్కాపురం దుకాణదారు దశరథరామయ్య కొత్త హద్దురాళ్ళ వెంట స్తంభాలు పాతిస్తున్నాడు.

"శెట్టీ, ఇది గొర్రెల సందు. మా తాతల నాటిది."

"నేను కాదన్నానా మామా? పటంలో లేదు. నీ బిడ్డ గీసిన పటమేనంట గదా, ఊరంతా నువ్వే చెప్తివి."

ఆ సాయంత్రం మస్తానయ్య ఫోను చేశాడు. "అమ్మే, మన సందు యాడుందో వీళ్ళకు కనపడ్డంలేదంట. నువ్వు రోంత చెప్పు."

కాశమ్మ పటం కింద ఉన్న ఫోటో తెరిచింది. డ్రోను ఎగిరింది పైరు ఉన్న రోజుల్లో. సందు మొగదల నల్లగా ఒక చిన్న ముక్క ఉంది. గట్టనుకొని ఎవరో దాని మీద గీత గీశారు. అటు మీటరు ఎడం, ఇటు మీటరు ఎడం. సందు ఖాళీగా ఉండి ఉంటే నాలుగు మీటర్ల దూరాన్ని కంప్యూటరు కలిపేది కాదు. మధ్యలో ఉన్న ఆ ముక్క వల్లే కలిపి, సందును చేలో వేసేసింది. అది నాయన వేసిన కంప. దాన్ని లోకంలో గుర్తుపట్టగలిగినవాళ్ళు ఇద్దరే. ఒకరు పటం చూడలేదు, ఇంకొకరు కంప చూడలేదు.

"నేనే కలిపినాను నాయనా," అంది.

"సరేలే, తెంపెయ్. గీతే గదా," అన్నాడు.

గీత తెంపడం నిజంగానే క్షణం పని. కానీ పంపేసిన ఊరికి తాళం పడింది. "గడువైపోయింది. చూడకుండా కలిపినానని రాసిస్తావా? నీ ఉద్యోగం పోతాది," అన్నాడు మల్లికార్జునరావు. కాశమ్మ రాసిచ్చింది. ఉద్యోగం వెంటనే పోయింది. కాగితం మాత్రం పైకి పోతూనే ఉంది, ఇంకా ఎక్కడికీ చేరలేదు.

ఆ ఎండాకాలం మస్తానయ్య కొండ చుట్టూ ఆరు కిలోమీటర్లు తిప్పి గొర్రెలకు నీళ్ళు తాపాడు. గొర్రెపిల్లలు దారిలోనే కూలబడేవి. చంకలో రెండు, భుజాన ఒకటి మోసేవాడు. నాలుగోది పడ్డరోజు దాని పక్కనే తనూ కూర్చుండిపోయాడు. ఆ వారమే మందనంతా గిద్దలూరు వైపు వాళ్ళకు అమ్మి తోలేశాడు. కూతుర్ని ఒక్క మాటా అనలేదు. అని ఉంటే ఆమెకు కాస్త ఊపిరాడేది.

వానలు పడ్డాయి. చేలల్లో కంది మొలిచింది. ఒక పొద్దున తండ్రి కోసం వెతుక్కుంటూ వెళ్ళిన కాశమ్మకు అతను సందు దగ్గర కనిపించాడు. పంగలకర్రతో కంప లాక్కొచ్చి తీగెకు ఇవతల పరుస్తున్నాడు.

"ఎందుకు నాయనా? తీగె ఉంది గదా. గొర్రెలు గూడా..."



"పైరు లేచింది గదమ్మే. కంప వేయొద్దా?"

అతను ఆమె వైపు చూడలేదు. కాశమ్మ వంగి రెండో కొస పట్టుకుంది.

"అక్కడ ఎడముంది. ఇంకొంచెం ఇటు జరుపు," అన్నాడు.

జరిపింది. కొసలు కలిశాయి.