గోడ మీద అయిదు, బీరన్న నోట నాలుగు

హాలియా దాటి కొంత దూరం పోతే మా మేజరు కాలువ మొదలవుతుంది. మొదట్లోనే ఒక తూము, తూము పక్కన కాంక్రీటు గోడ, గోడ మీద తెల్ల రంగుతో కింద నుంచి పైకి ఒకటి, రెండు, మూడు అని అంకెలు. నీళ్లు ఏ అంకె దాకా ఉంటే అన్ని అడుగుల లోతున పారుతున్నట్టు. ఇంతకంటే సులువైన లెక్క ఉండదు. కానీ ఆ గోడను పదిహేనేళ్లు రోజూ పొద్దున్నే చూసిన మనిషి ఒక్కనాడూ దాని మీదున్న అంకె చెప్పలేదు. గోడ మీద అయిదు ఉంటే నాలుగని చెప్పాడు. నాలుగుంటే మూడని చెప్పాడు. ఆయన పేరు బీరన్న. మా కాలువకు లష్కర్.

లష్కర్ పని పెద్ద పనిగా ఎవరికీ కనిపించదు. తూము తలుపు తిప్పాలి, అడ్డం పడిన చెత్త లాగాలి, కాలువకు ఎవరైనా దొంగ పైపు పెడితే తీయాలి, పొద్దున ఆరింటికి ఆఫీసుకు ఫోన్ చేసి నీళ్లు ఎన్ని అడుగులున్నాయో చెప్పాలి. ఆ చివరి పనే అసలు పని. తూము దగ్గర నాలుగు అడుగులుండాలని ఆఫీసు నియమం. బీరన్న మూడంటే పైన గేటు ఇంకొంచెం లేపుతారు. నాలుగంటే ఆపుతారు. ఆ నాలుగు మొదటి ఊరు నుంచి మొదలై, ఏడు ఊళ్లు తడిపి, చివరికి మా ఊరికి వస్తుంది. మా తర్వాత కాలువ లేదు.

బీరన్న గొర్లు కాసుకునే ఇంట్లో పుట్టాడు. గొర్లు పోయాక యాదయ్య అనే ముసలి లష్కర్ వెంట కట్టె పట్టుకుని తిరిగాడు. యాదయ్య దిగిపోయాక ఆ పని ఈయనకొచ్చింది, అదీ కాంట్రాక్టు ఏజెన్సీ కింద. ఏడాదికోసారి పేరు రాస్తేనే ఉన్నట్టు, రాయకపోతే లేనట్టు. పని అప్పగించిన రోజు యాదయ్య చెప్పిన మాట ఒక్కటే: "గోడ మీదున్నదాంట్ల అడుగు తీసెయ్యి. కింద సిమెంటు పోసిండ్రు, అంకెలు పాతయే ఉంచిండ్రు." ఆనాటి నుంచి బీరన్న అడుగు తీసేశాడు. అప్పటి ఆఫీసు వాళ్లకూ అది తెలుసు. ఊళ్లకూ తెలుసు. బీరన్న లెక్క అనేవాళ్లు.

మొదటి ఊరి రైతు హనుమంతు మాత్రం ఒప్పుకునేవాడు కాదు. ఒక వానాకాలం తూము మీదే నిలదీశాడు.

"గోడ మీద అయిదు కొట్టొచ్చినట్టు కనవడతాంది. నువ్వు నాలుగంటవ్. నీ కండ్లేమన్న గొర్లకు ఇచ్చినవానె?"

"అడుగు తక్కువనే ఉంటది అన్నా. నా బిడ్డ స్వరూప మీద ఒట్టు."

బిడ్డ మీద ఒట్టంటే ఇక్కడ ఎవరూ తేలిగ్గా వేయరు. హనుమంతు నోరు మూసుకుని బండెక్కి పోయాడు. ఆ తర్వాత ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

పోయిన యాసంగి పంటకు ఆఫీసు బీరన్నకు ఒక ఫోన్ ఇచ్చింది. ఇక నోటితో చెప్పే పని లేదు. పొద్దున గోడకు ఫొటో తీస్తే చాలు. ఫోన్ తానే అంకె చదువుకుని ఆఫీసుకు పంపుతుంది. రైతులు కూడా యాప్‌లో చూసుకోవచ్చు. నేర్పడానికి వచ్చిన పిలగాడితో బీరన్న చెప్పాడట, అడుగు తీసేయాలె సార్ అని.

"నువ్వేం తియ్యొద్దు, ఏం పెట్టొద్దు. అదే సదువుకుంటది" అన్నాడట ఆ పిలగాడు.

అది చదువుకుంది. గోడ మీద నాలుగు రాగానే పైన గేటు ఆగింది. వరి పొట్ట మీదున్న రోజుల్లో మా ఊరికి నీళ్లు రావడం మానేశాయి.

నేను డిగ్రీ సగంలో వదిలేసి, దొరికిన పుస్తకమల్లా చదువుతూ, ఎవరినీ నమ్మకుండా ఉండటమే తెలివనుకుంటూ తిరుగుతున్నవాణ్ణి. కాలువ రైతుల వాట్సాప్ గ్రూపులో యాప్ ఫొటో పెట్టి కింద రాశాను: "యాప్‌లో నాలుగు. మా మడిలో సున్నా. మధ్యలో ఉన్నది బీరన్న ఒక్కడు." రాసేటప్పుడు నిజమనుకునే రాశాను. సాయంత్రానికి ఏడు ఊళ్ల వాళ్లూ చూశారు. హనుమంతు దాని కింద పాత ఒట్టు సంగతి కూడా ఎక్కించాడు. ఆఫీసుకు కొత్తగా వచ్చినవాళ్లు పాత రిజిస్టరు తీసి చూస్తే, ముందటి యాసంగిలో గేటు ఇంతే లేపిన రోజున బీరన్న మూడని చెప్పి ఉన్నాడు. ఇప్పుడు యాప్ నాలుగంటోంది. తేడా ఎందుకొచ్చిందో వారంలో రాసి ఇవ్వాలని, ఇవ్వకపోతే ఏజెన్సీకి చెప్పి తీసేస్తామని బీరన్నకు మెమో వచ్చింది.

ఆ మెమో పట్టుకుని ఆయన నేరుగా మా ఇంటికే వచ్చాడు. ఎక్సెల్ బండి మీద నుంచి దిగకుండానే కాగితం నా చేతికిచ్చాడు.

"నువ్వే రాసినవంట గదా, పిలగా. ఇది గూడ నువ్వే రాయి."

కోపంగా అని ఉంటే నాకు తేలికయ్యేది. ఆయన గొంతులో కోపం లేదు. నాకంటే బాగా రాసేవాళ్లెవరూ ఆయనకు తెలియరు, అంతే.

"ఏం రాయాలె, కాకా?"

"అడుగు తీసెయ్యాలని రాయి."

"ఎందుకు తియ్యాలె?"

"సిమెంటు పోసిండ్రు గదా."

"అడుగు మందం పోసిండ్రా? ఎవలు కొలిసిండ్రు?"

బీరన్న బండి హ్యాండిల్ వైపు చూశాడు. "యాదయ్య చెప్పిండు" అన్నాడు. ఆ మాట అన్నాక తనకే అది సరిపోలేదని మొహంలో తెలిసింది.

మా కాలువకు వారబందీ ఉంది. తొమ్మిది రోజులు నీళ్లు వదిలి ఆరు రోజులు ఆపుతారు. ఆపిన నాలుగో రోజున నవనీత మేడం టేపు తెచ్చింది. ఆమె కొత్తగా వచ్చిన ఏఈ, మా కాలువ ఇంజనీరు. మెమో మీద సంతకం ఆమెదే. బీరన్న, నేను, హనుమంతు కాలువలోకి దిగాం. గోడ మొదట్లో మట్టి పేరుకుని ఉంది. ఎండి నెర్రెలిచ్చిన ఆ మట్టి గోడ మీద ఒకటి అనే గీత దాకా ఉంది.

"ఎప్పుడు సూసినా గిట్లనే ఉంటది మేడం" అన్నాడు బీరన్న ధైర్యంగా. "ఒకటి గీత కాడికే నేల. అందుకే అడుగు తీసేస్త."

"నేల ఇది గాదు బీరన్నా, మట్టి. తియ్యి దీన్ని" అంది మేడం.

పారతో తీశాడు. మట్టి కింద సిమెంటు బయటపడింది. అది ఒకటి గీత దగ్గర లేదు, ఇంకా కిందికి ఉంది. మేడం టేపు పెట్టింది. సిమెంటు నుంచి ఒకటి గీతకు ఏడు అంగుళాలు. పన్నెండు ఉండాల్సిన చోట ఏడు ఉన్నాయంటే గోడ చెప్పేదానికీ నిజానికీ తేడా అయిదు అంగుళాలు. అడుగు కాదు. ఆమె మళ్లీ కొలిచింది. మూడోసారి బీరన్ననే పట్టుకోమంది. ఆయన టేపు చివర సిమెంటుకు అదిమి పట్టి అంకె మీద బొటనవేలు పెట్టి చాలాసేపు అట్లాగే కూర్చున్నాడు.

హనుమంతు నవ్వాడు. "ఒట్టు గూడ ఏడంగుళాలు తప్పింది, బీరన్నా."

నేను అడిగాను, "మేడం, నీళ్లు పారేటప్పుడు గూడ ఈ మట్టి ఉంటే కాకా చెప్పిందే నిజం గదా?"

"ఉంటదో కొట్టుకపోతదో నాకు తెల్వది. ఏటా పూడిక తీసినట్టు కాగితంల ఉన్నది. లెక్కకైతే మట్టి లేదు." ఆమె టేపు చుట్టేసింది. "చూడు బీరన్నా, యాప్ గూడ తప్పే చదివింది, నువ్వు గూడ తప్పే చెప్పినవ్. యాప్‌ల అయిదంగుళాలు తగ్గిస్త. సరైన తేడా అయిదే అని నువ్వు సంతకం పెట్టు. మెమో బంద్ చేస్త. నీ పని నీకుంటది."

"రెండు రోజులు ఆగుండ్రి మేడం" అన్నాడు బీరన్న.

ఆ రెండు రోజులూ ఎందుకో మర్నాడు తెలిసింది. నన్ను బండి మీద ఎక్కించుకుని పానగల్ తీసుకుపోయాడు. యాదయ్య ఇప్పుడు అక్కడ బిడ్డ ఇంట్లో ఉంటాడు. ఎనభై దాటాడు. అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. బీరన్నను గుర్తుపట్టాడు గానీ నేనెవరో అడగలేదు.

"యాదన్నా, గోడ మీదున్నదాంట్ల అడుగు తీసెయ్యమన్నవ్ గదా, ఎట్ల చెప్పినవ్? కొలిసినవా?"

"నేనెక్కడ కొలిసిన? నాకు సర్దార్ చెప్పిండు." సర్దార్ యాదయ్యకు ముందటి లష్కర్. ఎప్పుడో చనిపోయాడు.

"సర్దార్ ఉన్నప్పుడు సిమెంటు ఉన్నదా?" అన్నాను నేను.

"లేదు. మట్టి కాలువ."

"మరి అప్పుడెందుకు అడుగు తీసిండ్రు?"

ముసలాయన నా వైపు మొదటిసారి చూశాడు. "నాకెట్ల తెలుస్తది? తీసెయ్యమన్నడు, తీసేసిన. సిమెంటు పోసినంక, అందుకనే గావొచ్చనుకున్న. గదే వీనికి చెప్పిన." కాసేపు చుట్ట పీల్చి బీరన్నను అడిగాడు. "చివరి ఊరికి నీళ్లు పోయినయా లేదా?"

"పోయినయి."

"ఇగేంది మరి?"

తిరిగొచ్చేటప్పుడు బీరన్న బండి నడుపుతున్నాడు. నా బుర్రలో మాత్రం సర్దార్ తిరుగుతున్నాడు. చివరి ఊళ్ల మీద జాలితో అబద్ధం మొదలుపెట్టాడా? లేక ఆయనకూ అంతకు ముందు ఇంకెవరో చెప్పారా? పొరపాటే అయితే, దాని మీద అరవై ఏళ్లు మా ఊరు పండింది. మా బాపు, ఆయన బాపు తిన్న అన్నం పొరపాటున వచ్చిన నీళ్లదా? నేను చదివిన పుస్తకాల్లో మోసానికి ఎప్పుడూ ఒక మోసగాడు ఉంటాడు. ఇక్కడ ఎవరిని తిట్టాలో దొరకలేదు. తిట్టడం ఒక్కటే నాకు బాగా వచ్చిన పని.

హాలియాలో టీ తాగుతుంటే బీరన్న అన్నాడు.

"బిడ్డ మీద ఒట్టేసిన, పిలగా."

"నీకు తెల్వక ఏసినవ్, కాకా."

"తెల్వనప్పుడు ఎయ్యొద్దు గదా."

"సంతకం పెట్టకు. మట్టి ఉన్నదని రాద్దాం. అడుగే కరెక్టని రాద్దాం."

"నువ్వు చూసినవా, నీళ్ల కింద మట్టి ఉంటదని?"

"లేదు."

"నేను గూడ చూడలే. చూసింది అయిదంగుళాలే." గ్లాసు కింద పెట్టాడు. "ఇంకోసారి చూడనిది చెప్ప."

మర్నాడు సంతకం పెట్టాడు. మెమో మూసేశారు. ఏజెన్సీ లిస్టులో ఆయన పేరు ఉండిపోయింది. యాప్‌లో అయిదు అంగుళాలు తగ్గించారు. బీరన్న తీసే అడుగుకు అది ఇంకా ఏడు అంగుళాలు తక్కువ. గ్రూపులో నేను పెట్టింది తీసేశాను గానీ, అప్పటికే దాన్ని ఫొటో తీసి దాచుకున్న వాళ్లు ఇప్పటికీ అప్పుడప్పుడు పంపుకుంటారు.

నీళ్లు వదిలిన మూడో రోజు పొద్దున మా మడి గట్టు మీద నిలబడి యాప్ చూశాను. నాలుగు అడుగులు. మా పిల్ల కాలువలో ఒండ్రు తడిసింది గానీ నీళ్లు కదలడం లేదు. అలవాటు కొద్దీ బీరన్నకు ఫోన్ చేశాను.

"ఎంతున్నది, కాకా?"

"నాలుగు."

"యాప్‌ల గూడ నాలుగే."

"అవు. ఇప్పుడు రెండు ఒక్కటే."

"మాకైతే నీళ్లు రాలే."

ఫోన్‌లో తూము దగ్గర నీళ్ల చప్పుడు వినిపించింది. మా ఊళ్లో వినిపించాల్సిన చప్పుడు అది.

"గదే నాకు సమజైతలేదు, కొడుకా" అన్నాడు.

గంట తర్వాత ఎక్సెల్ బండి వచ్చింది. ఏడు ఊళ్ల పొడుగునా కాలువ గట్టు మీదే వచ్చినట్టున్నాడు, కాళ్లకు బురద. నాతో మాట్లాడకుండా చెప్పులు విడిచి మా పిల్ల కాలువలోకి దిగాడు. చెత్త లాగే కట్టెను బురదలో గుచ్చి, పైకి తీసి, తడిసిన దాకా గోరుతో గీత పెట్టాడు. ఆ కట్టె నాకు చూపించాడు.

"చూడు. ఎంతున్నది?"

"బెత్తెడు."

"సరిగ్గ చూడు. రేపు ఎవలన్న అడిగితే నువ్వు చూసినవని చెప్పాలె."

కట్టె చేతిలోకి తీసుకుని మళ్లీ చూశాను. తడి ఎక్కడ ఆగిందో, బురద ఎక్కడ మొదలైందో నాకు తేలలేదు. ఆయన మాత్రం కాలువలోనే నిలబడి, నేను చెప్పేదాకా ఎదురుచూస్తున్నాడు.