మెరక రోడ్డు

మా వీధి వాట్సాప్ గ్రూపులో రోజూ వచ్చేవి శుభోదయాలూ, కుళాయి ఇంకా రాలేదేమన్న ప్రశ్నలూ, ఎవరి గేటుకడ్డంగా ఎవరో బండి పెట్టారన్న తగాదాలూ. మొన్న మాత్రం ఒక పెద్ద మెసేజీ వచ్చింది. మునిసిపల్ ఎన్నికలు వస్తాయంటున్నారు కదా, మన వీధి ఐకమత్యం ఏమిటో ఓట్లడగడానికి వచ్చేవాళ్ళకి ముందే తెలిసేలా వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టాలట. అందులో ఈ సిమెంటు రోడ్డు వేయించిన పెద్దాయన ఫొటో ఉండాలట. "ఆంటీ, మీ మావయ్యగారి ఫొటో మంచిదొకటి పంపండి, పెద్దది చేయిస్తాం" అని నన్ను అడిగారు. ఆ వెంటనే చేతులు జోడించిన బొమ్మలు బిలబిలమంటూ వచ్చి పడ్డాయి. నేనింకా పంపలేదు. ఫొటో లేక కాదు. ఆ రోడ్డు మాట వస్తే మా ఇంట్లో ఎవరమూ ఇప్పటికీ తలెత్తలేం.

బందరు నేల గురించి తెలియనివాళ్ళకి ముందు ఒక సంగతి చెప్పాలి. ఇక్కడ వాన నీళ్ళకి ఎటు వెళ్ళాలో తెలియదు. నేలంతా పళ్ళెంలా చదును, పక్కనే సముద్రం. పడిన నీళ్ళు కాసేపు తటపటాయించి, ఎక్కడ పల్లం దొరికితే అక్కడ కూలబడతాయి. అందుకని ఇక్కడ ఇల్లు కట్టేవాడు వాస్తు కంటే ముందు మెరక చూసుకుంటాడు. ట్రాక్టర్లతో మట్టి తోలించి పక్కవాడి కంటే ఒక మెట్టు పైన ఉండేలా స్థలం లేపుతాడు. ఆ పక్కవాడు నాలుగు డబ్బులు చేతిలో ఆడగానే వీడి కంటే ఇంకో మెట్టు లేపుతాడు. పెళ్ళిచూపులకి వచ్చినవాళ్ళు కూడా ముందు అరుగు ఎత్తు చూసి, ఆ తర్వాతే పిల్లని చూస్తారని మా అత్తయ్యగారు అంటుండేవారు. మెరక మీద ఉన్న ఇల్లంటే మాకు అంత గౌరవం. మనం లేపుకున్న చోటి నుంచి జారిన నీళ్ళు ఎవరింటికి వెళ్ళాయని మాత్రం ఇక్కడ ఎవరూ ఎవరినీ అడగరు.

మావయ్యగారు విద్యాశాఖ ఆఫీసులో గుమాస్తాగా చేరి, హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. రాజకీయాలంటే ఆయనకి ఎంత దూరమంటే, ఓటు వేసి వచ్చిన రోజున వేలి మీది సిరాచుక్కని పెరట్లో సబ్బు పెట్టి రుద్దుకునేవారు. అలాంటి మనిషిని వీధిలోకి దింపింది ఒక వాయుగుండం. ఆ ఏడు మా వీధిలో మోకాళ్ళ దాకా ఉన్న నీళ్ళు గుమ్మం దాటి ఇంట్లోకి వచ్చాయి. వంటింట్లో ఖాళీ గ్యాస్ సిలిండరు తేలుకుంటూ, దండం పెట్టుకోవడానికి బయలుదేరినట్టు పూజగది గుమ్మం దాకా వెళ్ళింది. అది చూసి అత్తయ్యగారు ఏడ్చారు. మావయ్యగారు మాత్రం మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, "ఇహ లాభం లేదు. అడగాల్సిందే" అన్నారు. ఎవరిని, ఏమని అడగాలో అప్పటికి ఆయనకే తెలియదు.

తెలుసుకున్నారు. సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే చోటికి ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళేవారు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఎందరికో "రేపు రండి" అని చెప్పిన మనిషికి ఇప్పుడు అందరూ "రేపు రండి" అని చెప్పడం మొదలుపెట్టారు. "వీడు అబద్ధం చెప్తున్నాడు, ఫైలు వీడి బల్ల మీదే ఉంది, ఆ మొహం నాకు తెలియదా" అని ఇంటికొచ్చి ఉడుక్కునేవారు. మా వీధివాళ్ళు ఆయన్ని గేటు దగ్గరే ఆపి "ఎంతవరకు వచ్చిందండీ రోడ్డు?" అని అడగడమే తప్ప, వెంట వెళ్ళిన పాపాన పోలేదు. వెంట వెళ్ళింది వెనక సందులో ఉండే పిన్ని.

పిన్ని అంటే మాకు చుట్టమేమీ కాదు. మా ఇంటి పక్కనుంచే ఆ సందు లోపలికి వెళ్తుంది, అందులో రెండో ఇల్లు వాళ్ళది. చిలకలపూడి షావుకార్లు ఇచ్చే రోల్డుగోల్డు దుద్దులకీ జుంకీలకీ ఇంట్లో కూర్చుని రాళ్ళు అతికే పని ఆవిడది. ఆ సందులో చాలామంది ఆడవాళ్ళకి అదే పని. అందరివీ దివిసీమ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన కుటుంబాలు. ఆదివారం తెల్లచీరలు కట్టుకుని చర్చికి వెళ్తూ మా అరుగు ముందు ఆగి, "బాబాయిగారూ, మన రోడ్డు కోసం కూడా ప్రార్థన చేస్తున్నామండీ" అని పిన్ని చెప్పి వెళ్ళేది. అర్జీలతో పని కాదని ముందు తేల్చింది ఆవిడే. "రాసిచ్చింది చదివేవాళ్ళుండాలి కదండీ. నాట్లేద్దాం బాబాయిగారూ. రోడ్డు మీద పాదాలు మునిగేటన్ని నీళ్ళున్నాయి, అడుగున బురదుంది. అంతకంటే మంచి మడి ఎక్కడ దొరుకుద్ది?" అంది.

ఊళ్ళో రోడ్డు బాగుచేయకపోతే దాని మీద వరి నాటడం మా వైపు ఉన్న పద్ధతే. బంటుమిల్లిలో మా చుట్టాల నారుమడి నుంచి మావయ్యగారు స్కూటర్ మీద నారు కట్టలు తెచ్చారు. సందులో ఆడవాళ్ళంతా చీరలు ఎగదోపి, వరసగా వంగి, పాటెత్తుకుని, మా ఇంటి ముందునుంచి వీధి చివరి దాకా నాట్లేశారు. మా వీధి ఆడవాళ్ళం మేడల మీదనుంచి ఫోన్లతో వీడియోలు తీశాం. నేనూ తీశాను. నాది గుడివాడ బ్యాంకులో ఉద్యోగం, రోజూ బస్సు ప్రయాణం, ఆ వేళ సెలవు పెట్టింది అందుకే. మావయ్యగారు పంచె ఎగ్గట్టి తనూ దిగారు కానీ, ఆయన నాటిన మొక్క నాటినట్టే తేలిపోయేది. "అగరొత్తి గుచ్చినట్టు కాదండీ బాబాయిగారూ! మీరు కట్ట పట్టుకుని నిలబడండి, చాలు" అని పిన్ని నవ్వింది. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో పడిన ఫొటోలో వంగిన వీపులన్నీ వాళ్ళవి, నిటారుగా కనిపించే మొహం మాత్రం మావయ్యగారిది. రోడ్డు మంజూరైంది.

ఎండాకాలంలో పని మొదలైతే, కంకర దింపిన నాటినుంచి మావయ్యగారు గొడుగేసుకుని కాపలా కాశారు. కాంట్రాక్టరు తాలూకు మేస్త్రీ ఆయన్ని ఇంజనీరు అనుకుని దండం పెట్టాడు. కాదని తెలిశాక కూడా అలవాటు కొద్దీ పెడుతూనే ఉన్నాడు. ఎత్తు దగ్గర పేచీ వచ్చింది. "ప్లానులో ఇంతే ఉందండీ" అని మేస్త్రీ అంటే, "మళ్ళీ మునగడానికా రోడ్డు? లేపండి" అని ఈయన. వీధంతా గేట్ల దగ్గర నిలబడి లేపండి లేపండి అని వంతపాడింది. పిన్ని కూడా నెత్తిన చెంగు కప్పుకుని వచ్చి, "అంత కష్టపడి నాట్లేసింది ఇంత రోడ్డుకేనాండీ? ఇంకో జానెడు లేపించండి బాబాయిగారూ" అంది. మెరక అంటే అందరికీ మంచిదేనని ఆవిడా నమ్మింది, మేమూ నమ్మాం. మావయ్యగారు మళ్ళీ ఆఫీసుల చుట్టూ తిరిగి, కౌన్సిలర్ చేత చెప్పించి, ఆ జానెడూ సాధించారు.

మొదటి పెద్దవాన పడిన రోజున నేను బస్సు దిగి, చెప్పులు చేతిలోకి తీసుకోకుండా కాళ్ళకే ఉంచుకుని ఇంటికి వచ్చాను. ఎంత సంతోషమో! మర్నాడు పొద్దున్న ఎదురింటి అన్నయ్యగారు ఆరిపోయిన రోడ్డు మీద బల్ల వేయించి, వీధందరికీ ఇడ్లీలు పెట్టించి, మావయ్యగారికి శాలువా కప్పారు. వెనక సందు నుంచి మాత్రం ఒక్కరూ రాలేదు. "పిన్ని రాలేదేం?" అని మావయ్యగారు కనిపించిన వాళ్ళనల్లా అడిగి, చివరికి ఒక పళ్ళెంలో ఇడ్లీలు పెట్టించుకుని, శాలువా తీయడం కూడా మరిచిపోయి బయలుదేరారు. చట్నీ గిన్నె పట్టుకుని నేను వెనకాల నడిచాను.

సందు మొదట్లోనే ఇద్దరమూ ఆగిపోయాం. రోడ్డు అంచు చేపల చెరువు గట్టులా ఉంది. గట్టుకి అవతల చెరువు. ఇదివరకు ఆ సందు నీళ్ళు మా వీధిలోకి వచ్చి, మా నీళ్ళతో కలిసి, ఎప్పటికో అప్పటికి అవతలి కాలువలోకి దిగేవి. ఇప్పుడు వాటికి దారే లేదు. పైగా మా రోడ్డు మీద పడిన వాన కూడా అటే దొర్లింది. పిన్ని ఇంట్లో మంచం మీద స్టవ్వు, స్టవ్వు పక్కన రాళ్ళ పళ్ళేలు, వాటి పక్కన కాళ్ళు ముడుచుకుని పిన్ని. కింద కూర్చుని చేసే పని ఆవిడది. నేల కనిపిస్తేనే కూడు. మమ్మల్ని చూసి, "రండి బాబాయిగారూ. చెప్పులు గుమ్మం దగ్గర విడవకండి, కొట్టుకుపోతాయి" అంది. ఆయన భుజాల మీదికి చూసి, "శాలువా బావుందండీ. మీ రోడ్డు కూడా బావుంది" అంది. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అంతకుముందు వరకు ఆవిడ నోట ఎప్పుడూ 'మన రోడ్డు' అనే వచ్చేది. మావయ్యగారు పళ్ళెం ఆవిడ చేతికి ఇచ్చారు. శాలువా తీసి, మడత కూడా పెట్టకుండా చంకలో ఇరికించుకున్నారు. వచ్చేటప్పుడు నా మొహంలోకి చూడలేదు, నేనూ ఆయన మొహంలోకి చూడలేకపోయాను.

రోడ్డు కింద అడ్డంగా ఒక తూము వేస్తే సందు నీళ్ళు కాలువలోకి వెళ్ళిపోతాయి. దానికి కొత్త రోడ్డుని ఒకచోట కోయాలి. కౌన్సిలర్ని అడిగితే, "మీ వీధివాళ్ళంతా ఒప్పుకుంటే నాకేం అభ్యంతరమండీ" అన్నాడు, గడుసుగా. మావయ్యగారు అందరినీ మా అరుగు మీదికి పిలిచారు. "బంగారంలాంటి రోడ్డు ఎవరైనా పగలగొట్టుకుంటారా బాబాయిగారూ? వాళ్ళ సందు సంగతి వాళ్ళ కౌన్సిలర్ చూసుకుంటాడు" అన్నారు ఎదురింటి అన్నయ్యగారు. "వాళ్ళ కౌన్సిలరూ మన కౌన్సిలరూ ఒకడేగదయ్యా" అన్నారు మావయ్యగారు. "వాళ్ళ ఇళ్ళు వాళ్ళు మెరక చేయించుకోవచ్చుగా" అని ఎవరో అన్నారు. "ఇంత కష్టపడి వేయించి మీరే తవ్వమంటే ఏం బావుంటుందండీ" అని కాఫీలు ఇస్తూ అత్తయ్యగారు కూడా అన్నారు. ఆ తర్వాత ఆయన ఇంటింటికీ వెళ్ళారు. అందరూ ఆదరంగా కూర్చోబెట్టారు. కాఫీ ఇచ్చారు గానీ ఎవరూ మాట ఇవ్వలేదు.

సోమవారం అర్జీలకి మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టారు. ఈసారి పిన్ని ముందు నడిచేది, ఆయన వెనక. "రోడ్డు వేశాం కదండీ, మళ్ళీ ఏమిటి?" అని అక్కడివాళ్ళు అడిగితే, "వేసింది కొంచెం తవ్వుతారేమోనని" అనేవారట. అక్కడ ఆయన పెద్ద నవ్వులాట అయిపోయారు. వాన పడితే మేమంతా పొడి అరుగు మీద కూర్చుని పకోడీలు తింటుంటే, ఆయన పంచె ఎగ్గట్టుకుని వెళ్ళి ఆ సందులో నిలబడేవారు. నీళ్ళు తోడే వయసు కాదు, ఊరికే నిలబడేవారు. "అక్కడ మీరు చేసేదేముందండీ?" అని అత్తయ్యగారు కసిరితే, "ఏమీ లేదు. ఇక్కడ కూర్చోలేక" అనేవారు. ఆయన అటు వెళ్ళడం చూసి కూడా నేను పకోడీలు తిన్నాను. దాచడమెందుకు, బస్సు దిగి పొడికాళ్ళతో ఇల్లు చేరిన ప్రతి వానాకాలం సాయంత్రమూ హాయిగానే ఉండేది, ఆ హాయి వెంటే సిగ్గూ వచ్చేది.

ఆయన పోయింది కూడా వానల్లోనే. వీధివాళ్ళంతా చెప్పుల కాళ్ళతో వచ్చి, చెప్పులు విడిచి, పొడి పాదాలతో లోపలికి వచ్చి దండం పెట్టుకుని వెళ్ళారు. కాసేపటికి సందులోవాళ్ళు వచ్చారు. నడుముల దాకా తడిసిన చీరలు, పిక్కల నిండా బురద. అందరికంటే ముందున్న పిన్ని మెట్టు కిందే ఆగి, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, "కాళ్ళు తడిగా ఉన్నాయమ్మా, లోపలికి రావచ్చా?" అని నన్ను అడిగింది.

ఆవిడ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. ఆ రోడ్డు వేయించడానికి మావయ్యగారికి ఒక్క ఏడాది సరిపోయింది. దాన్ని ఒక మూర వెడల్పున తవ్వించడానికి మిగిలిన ఆయుష్షంతా చాలలేదు.