దేవదాస్ సారు రాసిచ్చిన మాట

జగిత్యాల కోర్టు గోడ పక్కన దేవదాస్ సారు అర్జీలు రాస్తాడు. ఒకప్పుడు కోరుట్లలో ఇంటర్ పిల్లలకు చరిత్ర చెప్పేవాడు. కాలేజీ మూతపడ్డాక, చెప్పిన పాఠాల్లో పాత గ్రీసు ఒక్కటే ఆయన వెంట ఈ గోడ దాకా నడిచి వచ్చింది. ఆ కాలపు గ్రీసు కోర్టుల్లో ఎవరి గోడు వాళ్ళే చెప్పుకోవాలి. చెప్పడం రానివాళ్ళకు, వాళ్ళ నోటికి అమరేలా రాసిచ్చే మనుషులు ఉండేవారు. వారసత్వపు తగాదాల్లో, పోయినవాడికి కర్మ ఎవరు చేశారన్నది పెద్ద వాదన.

ఆ ఎండాకాలం కొడిమ్యాల నుంచి రాజమణి వచ్చింది. కల్లు గీతకు తాళ్ళెక్కడం మాని మస్కట్ పోయిన భూమయ్య పెంచుకున్న బిడ్డ ఆమె. భూమయ్య అక్కడే చనిపోయాడు. శవపేటిక ఊరు చేరడానికి నలభై రోజులు పట్టింది. పెంపకానికి కాగితం లేదు కాబట్టి ఇల్లు తనదేనని ఇప్పుడు అతని తమ్ముడు సాయన్న అంటున్నాడు. తలకొరివి కూడా తానే పెట్టానంటున్నాడు. ఆ ఇల్లు తప్ప ఆమెకు వేరే నీడ లేదు. వారంలో లోక్ అదాలత్.

"కొరివి వెట్టింది ఎవరు బిడ్డా?"

"నేనే సారూ. సాయన్న కాక భీవండిల ఉండె. మూడో దినానికి అచ్చిండు."

దేవదాస్ ఆమె చేత మూడుసార్లు చెప్పించుకున్నాడు. ఆమె ఊపిరి ఆగినచోటే వాక్యం ఆపాడు. ఆమె 'నాయిన' అన్నచోట భూమయ్య అని రాయలేదు. చివర మాత్రం ఒక ప్రశ్న చేర్చాడు.

"గ్రీసుల ఎదుటోణ్ని నిలవెట్టి అడగొచ్చు. వాడు జవాబు చెప్పాల్సిందే. నువ్వు గూడ అడుగు."

అదాలత్‌లో రాజమణి సారు రాసిచ్చింది రాసిచ్చినట్టు చెప్పింది. జడ్జిని అడిగి సాయన్న వైపు తిరిగింది.

"కాకా, కొరివి వెట్టెటప్పుడు నాయిన మొకం ఎట్లుండె?"

"ఎట్లుంటది? నిద్రవోయినట్లే ఉండె."

"అబ్బ, మస్తు జూసినవ్‌రా!" అంది వెనకనుంచి ఊరి ముసలమ్మ ఒకామె.

"పెట్టె తెరవనే లేదు కాకా. తెరవద్దన్నరు. పెట్టెతోనే కాలవెట్టిన."

"అన్న మొకం నేను జూడలే," అన్నాడు సాయన్న. "ఇల్లు పోరిదే. రాసుకోండ్రి."

సంతకాలయ్యాక రాజమణి గోడ దగ్గరికి వచ్చి కూలబడింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది.

"సారూ, గా గ్రీసుల ఆడోళ్ళు గూడ గిట్లనే మాట్లాడెటోళ్ళా?"

"లేదు బిడ్డా. వాళ్ళ తరఫున మగోళ్ళే మాట్లాడెటోళ్ళు."

"అట్లనా? మరి మన జగిత్యాలనే నయం," అని ఆమె నవ్వింది. దేవదాస్ కూడా కళ్ళజోడు తీసేసి, చాలా రోజుల తర్వాత గట్టిగా నవ్వాడు.